అట్ట చార్మినార్‌లో మనుషులెక్కడ?

పోయిన సంవత్సరం మా పెద్దమ్మాయి బడి నుంచి ఒక కాగితం తెచ్చింది. ఆరో తరగతి సాంఘికశాస్త్రం ప్రాజెక్టు. ‘మన ప్రాంత చరిత్రకు సంబంధించిన ఒక నమూనాను ఇంటివద్ద తల్లిదండ్రుల సాయంతో తయారుచేసి తేవలెను.’ వారం రోజుల గడువు. మాకు సంతోషమే అయింది. తారీఖులు బట్టీ పట్టించడం కన్నా పిల్లల చేతులకు పని చెప్పడం మంచిదే కదా. ఆదివారం పొద్దున అట్టలు, కత్తెర, ఫెవికాల్, బంగారు రంగు డబ్బా ముందేసుకుని కూర్చున్నాం. సాయంత్రానికి నాలుగు మినార్లు లేచాయి. కింద 1591 అని రాశాం. మహమ్మద్ కులీ కుతుబ్ షా అని పేరు రాశాం.

పక్క పోర్షన్ పిల్లవాడు, మా అమ్మాయి ఈడువాడే, అంతసేపూ దగ్గర కూర్చుని రంగులు అందించాడు. అంతా అయ్యాక అడిగాడు: ‘అంకుల్, చార్మినార్ మీవాళ్లు కట్టిందే గదా. మరి మీరెందుకు కిరాయింట్ల ఉంటరు?’

వాడి మాటలో కపటం లేదు. బళ్లో విన్నది, టీవీలో చూసింది, ఇంట్లో పెద్దలు అనుకున్నది కలిపి అడిగాడు. మా దగ్గర జవాబు లేదు. పొద్దంతా ఉర్దూ వార్తలు తెలుగులోకి, తెలుగు వార్తలు ఉర్దూలోకి మార్చి బతికే మాకు ఆ ఒక్క ప్రశ్నకు ఏ భాషలోనూ మాట దొరకలేదు. మా అమ్మాయి మా మొహం వంక చూసింది. ఆ చూపు నుంచే ఈ వ్యాసం పుట్టింది.

‘మీవాళ్లు’ అన్న మాటలో రెండు అబద్ధాలున్నాయి. కట్టించినవాడు ముసల్మాను కాబట్టి ఇవాళ్టి ముసల్మానులంతా అతడి వారసులే అన్నది ఒకటి. కట్టించినవాడే కట్టినవాడు అన్నది రెండోది. మొదటి అబద్ధం మమ్మల్ని పక్కింటివాళ్ల నుంచి వేరు చేస్తుంది. రెండోది మమ్మల్నీ, ఆ పక్కింటివాళ్లనూ కూడా చరిత్రలోంచి బయటకు నెట్టేస్తుంది. రాయి చెక్కినవాళ్లు, సున్నం నూరినవాళ్లు, నీళ్లు మోసినవాళ్లు మా అట్ట చార్మినార్‌లో ఎక్కడా లేరు. మేమే కత్తెర పట్టి వాళ్లను కత్తిరించి పారేశాం.

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. చేతిపనితో చరిత్ర నేర్పడం అనే మంచి ఆలోచన ఇవాళ మన ఇళ్లలోకి ఏ రూపంలో వస్తున్నదో చూడండి. మూడు రూపాలు కనిపిస్తాయి. ఒకటి కట్టడం: చార్మినార్, గోలకొండ, వేయిస్తంభాల గుడి, కాకతీయ తోరణం. రెండు వేషం: రుద్రమదేవి కిరీటం, అల్లూరి విల్లు. మా పిల్లవాడి వంతు వచ్చేసరికి నిజాం దస్తార్, లేకపోతే అబ్దుల్ కలాం జుట్టు. ఈ రెండింటికీ మధ్య మాకు మరో మనిషే లేడు. మూడు పండుగ చార్టు: బతుకమ్మ పక్కన బోనం, బోనం పక్కన సేమ్యా గిన్నె, కింద ‘భిన్నత్వంలో ఏకత్వం’ అని అక్షరాలు.

సెక్యులర్ మిత్రులు ఈ మూడో రూపాన్ని చూసి తృప్తి పడతారు. గంగా జమునా తెహజీబ్ అంటారు. ఆ మాట మీద మాకు గౌరవమే. కానీ మసీదు బొమ్మ పక్కన గుడి బొమ్మ అతికిస్తే అది కలిసి బతకడం ఎలా అవుతుంది? రెండు బొమ్మల మధ్య ఉన్న బజారు ఏది? అక్కడ ఎవరు ఎవరికి ఏం అమ్మారు, ఎవరు ఎవరి దగ్గర పని నేర్చుకున్నారు, ఎవరు ఎవరికి అప్పుపడ్డారు? అది లేకుండా అతికించిన బొమ్మలు చినుకు పడితే ఊడిపోతాయి. ఊడిపోవడం చూశాం కూడా.

మావాళ్లను కూడా వదలం. మా ఇళ్లలో చరిత్ర అంటే ఏమిటి? ‘ఒకప్పుడు అంతా మనదే’ అన్న నిట్టూర్పు. పెళ్లిళ్లలో అద్దె షేర్వానీ. రిక్షా తొక్కిన తాతను దాచేసి, ఏ జాగీర్దారు దగ్గరో గుమాస్తాగా చేసిన దూరపు బంధువును గోడకు తగిలిస్తాం. తెలుగు నేల మీది ముసల్మానుల్లో ఎక్కువమంది దూది ఏకినవాళ్లు, బట్ట నేసినవాళ్లు, గాజులు చేసినవాళ్లు, మాంసం కొట్టినవాళ్లు, బట్టలు కుట్టినవాళ్లు. వాళ్ల చేతుల్లో ఉన్న చరిత్ర మాకు చిన్నతనంగా కనిపిస్తుంది. నవాబుల నీడ చాలనుకుంటాం. ఆ పిల్లవాడు మమ్మల్ని అడిగింది ఆ నీడ గురించే.

అందుకని ఆ వారం మేం పని మార్చాం. కట్టడాన్ని పక్కన పెట్టి, దాని వెనకున్న పనిని ఇంట్లో చేసి చూద్దాం అన్నాం.

మొదలు సున్నం. 2019 మే నెలలో చార్మినార్ మినార్ ఒకదాని మీది గచ్చు అలంకరణ ముక్క ఊడి కింద పడింది. ఆ వార్త రాసినప్పుడు మేం గచ్చు అని రాశామే గాని అదేమిటో మాకూ తెలియదు. ఇప్పుడు పొడి సున్నం తెచ్చి నీళ్లు పోశాం. అది బుసలు కొట్టి మరిగే పని పెద్దవాళ్లమే చూసుకున్నాం. చల్లారాక ఇసుక, బెల్లం నీళ్లు కలిపి, పిల్లల చేతులకు తొడుగులు వేసి, రోట్లో వేసి దంచమన్నాం. పావుగంటకు చిన్నోడు రోకలి వదిలేశాడు. అరగంటకు మేమూ వదిలేశాం. రెండు ఇటుకలకు పూసి ఎండలో పెడితే మర్నాటికి పగుళ్లిచ్చింది. వీధి చివర ఉండే ముసలి మేస్త్రీ చూసి నవ్వాడు: ‘సున్నానికి తొందర పనికిరాదు బిడ్డా. ఎండల పెడ్తరా? తడిపి నీడకు ఉంచాలె.’ సిమెంటులా గంటల్లో బిగుసుకునేది కాదు సున్నం. గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లమెల్లగా పీల్చుకుని రాయి అవుతుంది. నీడన తడిపి ఉంచిన రెండో జత నిలిచింది. మా అమ్మాయి అప్పుడడిగింది, ‘అంత పెద్ద చార్మినార్‌కు ఎంతమంది దంచి ఉంటరు?’ అట్టతో చేసిన రోజు ఈ ప్రశ్న రాలేదు. ఆ రోజు దాని చేతులు నొప్పి పుట్టలేదు.

తర్వాత దూది. పాత దిండు ఒకటి విప్పాం. వెదురు బద్ద వంచి గట్టి దారం కట్టి విల్లు చేశాం. గడ్డకట్టిన దూదిలో ఆ దారాన్ని మీటుతుంటే పింజ విడిపోయి గాలిలో లేచింది. ఇంటినిండా దూది. పిల్లలకు పండుగ. విడిన దూదిని పుల్లకు చుట్టి తీస్తే మెత్తటి చుట్ట వస్తుంది. దానిపేరే ఏకు. దాన్నుంచే నూలు వడుకుతారు. అది చేసిన కులం దూదేకుల. వాళ్లనే నూర్‌బాషాలంటారు, పింజారీలంటారు, లద్దాఫులంటారు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు. ఆ ఒక్క కారణానికి మా ఉర్దూ ఇళ్లు వాళ్లను పూర్తి ముసల్మానులుగా ఒప్పుకోవు. ముసల్మానులు కదా అని తెలుగు ఇళ్లు వాళ్లను పూర్తి తెలుగువాళ్లుగా ఒప్పుకోవు. పోతులూరి వీరబ్రహ్మం శిష్యుడు సిద్దయ్య దూదేకుల బిడ్డేనని జనం చెప్పుకుంటారు. అతడి పేరు తెలిసిన తెలుగు ఇళ్లు ఎన్నో. అతడి కులం చేతిలో ఉన్న విల్లును చూసిన పిల్లలు ఎందరు?

‘ఏకులా వచ్చి మేకులా తగులుకున్నాడు’ అని సామెత. వచ్చి పోకుండా ఉండిపోయినవాణ్ని అంటారు. ఇవాళ మమ్మల్ని ఉద్దేశించీ అలాగే మాట్లాడుతున్నారు. ఎక్కణ్నుంచో వచ్చారు, దిగబడ్డారు అని. మా పిల్లలు చేతిలో ఏకు పట్టుకుని ఆ సామెత విన్నారు. మేం చెప్పింది ఒకటే: ఆ సామెతలో మేకు సంగతి మనకు తెలియదు గాని, ఏకు మాత్రం మనది. ఈ నేల పత్తిని ఈ నేల నూలుగా మార్చిన చేతులు బయటి నుంచి వచ్చినవి ఎలా అవుతాయి?

మూడో రోజు ఎర్ర పెన్సిలు. ఒక మిత్రుడి ఊరి పహాణీ నకలు జిరాక్స్ తీయించాం. ఫారసీ, అరబ్బీ, ఉర్దూల నుంచి వచ్చిన మాటలన్నీ కొట్టెయ్యమని పిల్లలకిచ్చాం. పక్క పోర్షన్ పిల్లవాడూ కూర్చున్నాడు. నకలు పోయింది. జిల్లా పోయింది. తహసీల్దారు పోయాడు. తరి పోయింది, ఖుష్కి పోయింది. పట్టా మిగిలింది గాని పట్టాదారులో దారు పోయింది. ఖరీఫు, రబీ పోయాయి. రకం, రసీదు, వారసుడు, బాకీ పోయాయి. చివరికి రైతే పోయాడు. పొలం మిగిలింది, దున్నేవాడు లేడు. పిల్లలు పడీ పడీ నవ్వారు. మిగిలిన కాగితాన్ని ఎత్తి చూపించి పక్కింటివాడు అన్నాడు, ‘గిట్లయితే మా బాపుకు భూమే లేకపాయె గదా!’

ఈ ఆట రెండువైపులా ఆడాలి. సంస్కృతం మాట కలవనీయకుండా అచ్చ తెలుగులో రాసిన మొదటి కావ్యం ‘యయాతి చరిత్ర’. కుతుబ్ షాహీల కాలంలో పొన్నెగంటి తెలగనార్యుడు రాశాడు. అంకితం తీసుకున్నది పటాన్‌చెరు అమీన్ ఖాన్. అచ్చ తెలుగును అడిగి రాయించుకున్నవాడు ముసల్మాను. ఇబ్రహీం కుతుబ్ షాను తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారు. ఇదంతా చెబితే మా బంధువుల్లో ఒకాయన విసుక్కున్నాడు, మళ్లీ నవాబుల భజనేనా అని. ఆయన మాటలో నిజముంది. అందుకే పిల్లలకు కావ్యం కన్నా ముందు పహాణీ చూపించాం. కావ్యం దర్బారుది. రైతు అన్న మాట మాత్రం ఏ దర్బారు ఆజ్ఞా లేకుండానే పొలంగట్టు మీద నిలబడింది.

నాలుగో రోజు లాడ్‌బజారుకు తీసుకుపోయాం. లక్కను నిప్పుల మీద మెత్తబరిచి, కడ్డీగా సాగదీసి, గుండ్రంగా వంచి, వేడి చల్లారేలోపు ఒక్కొక్క రాయి అద్దే పని. 2024లో హైదరాబాద్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. చూస్తున్నంతసేపూ మా అమ్మాయి కళ్లు మెరిశాయి, నేనూ చేస్తానంది. అప్పుడు ఇంకో సంగతి చెప్పక తప్పలేదు. 2015 జనవరిలో పాతబస్తీ గాజుల కార్ఖానాల నుంచి పోలీసులు వందలాది పిల్లలను బయటికి తెచ్చారు. బీహార్ నుంచి పనికి తెచ్చినవాళ్లే ఎక్కువ. మా అమ్మాయి వయసువాళ్లు, అంతకన్నా చిన్నవాళ్లు. పెట్టుబడి పెట్టినవాళ్లలో ‘మనవాళ్లు’ లేరని మేం ఎలా చెప్పగలం? చేతిపనితో చదువు అని మనం ముచ్చటపడేది కడుపు నిండిన పిల్లల సంగతి. పని తప్ప చదువు లేని పిల్లల చేతులు కూడా మన ప్రాంత చరిత్రే. ఆ చేతుల్ని దాచి గాజు ఒక్కటే చూపిస్తే అది కూడా అట్ట చార్మినారే అవుతుంది.

ఐదో రోజు పటం. ఇక్కడే మా పద్ధతికి హద్దు ఎక్కడుందో మాకు తెలిసింది.

ప్రాంతం అంటే ఏది? బడి చెప్పే ప్రాంతం ఇవాళ్టి తెలంగాణ. 2014కు ముందు అయితే ఆంధ్రప్రదేశ్. మా బంధువుల పేర్లు రాసుకుంటే బీదర్ వచ్చింది, గుల్బర్గా వచ్చింది, నాందేడ్ వచ్చింది, ఔరంగాబాద్ వచ్చింది. 1948 నాటి హైదరాబాద్ సంస్థానంలో పదహారు జిల్లాలు. తెలుగువి ఎనిమిది, మరాఠీవి ఐదు, కన్నడవి మూడు. 1956లో భాషల వారీగా రాష్ట్రాలు పంచినప్పుడు ఆ మూడు ముక్కలూ మూడు దిక్కులకు పోయాయి. ఆ పంపకంలో ఉర్దూకు దిక్కు లేదు. అమ్మగారి ఊరు ఒక రాష్ట్రం, అత్తగారి ఊరు ఒక రాష్ట్రం అయ్యాయి. అందుకే పాత పదహారు జిల్లాల పటం చార్టు మీద గీసి, గుండుసూదులు గుచ్చి, ఎవరు ఎక్కణ్నుంచి ఈ ఇంటికి వచ్చారో రంగు దారాలు కట్టమన్నాం.

మా నానీకి ఎనభై దాటాయి. మా దగ్గరే ఉంటుంది. మధ్యాహ్నం నమాజు అయ్యాక వచ్చి కూర్చుంది. ‘క్యా బనారే బేటా?’ అంది. మా అమ్మాయి చెప్పింది. నానీ చెయ్యి పట్టుకుని బీదర్ జిల్లా మీద పెట్టి, ‘నీ ఊరు ఎక్కడ బడీ నానీ, ఎట్ల వచ్చినవు, దారం కట్టు’ అంది. నానీ వేలు పటం మీద కొద్దిగా జరిగింది. ఆగింది. ‘యాఁ బావడీ థీ’ అంది. ఇక్కడ బావి ఉండేది. అంతే. చెయ్యి వెనక్కి తీసుకుని కొంగు సవరించుకుని లోపలికి పోయింది. ఇన్నేళ్లలో మాకు కూడా ఆమె చెప్పింది అంతే.

ఆ దారం రెండో కొస కట్టకుండా ఉండిపోయింది.

పోలీసు చర్య 1948 సెప్టెంబర్ 13న మొదలై ఐదు రోజుల్లో ముగిసింది. ఆ తర్వాత పల్లెల్లో ఏం జరిగిందో చూసి రమ్మని నెహ్రూ ప్రభుత్వం పండిత్ సుందర్‌లాల్ బృందాన్ని పంపింది. ఎక్కువ దెబ్బతిన్నవి ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలని, చనిపోయినవాళ్లు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని వాళ్లు అంచనా రాశారు. ఆ నివేదిక 2013 దాకా జనం ముందుకు రాలేదు. ఇది పదకొండేళ్ల పిల్లకు ఎట్లా చెప్పాలి? దీనికి కత్తెర పనికిరాదు, జిగురు పనికిరాదు. ఏ బావిని అట్టతో చేయమంటాం?

చెప్పకుండా ఉండటమూ కుదరదు. మేం చెప్పకపోతే వాట్సాప్ చెబుతుంది. ఏటా సెప్టెంబర్ 17న వీధిలో మైకు చెబుతుంది. 2022లో ఆ రోజును కేంద్రం విమోచన దినమంది, రాష్ట్రం జాతీయ సమైక్యతా దినమంది. 2024లో రాష్ట్రం దాన్ని ప్రజాపాలన దినం చేసింది. పేర్లు మారుతున్నాయి. ఏ పేరులోనూ మా నానీ బావి లేదు.

కాబట్టి మొదటి నుంచి చెప్పాం. నానీ బావి కన్నా ముందు రజాకార్లు తగలబెట్టిన ఊళ్ల గురించి చెప్పాం. కామారెడ్డిగూడెంలో తన భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్ మీద కోర్టుల్లో పోరాడి, ప్రాణం పోగొట్టుకున్న షేక్ బందగీ గురించి చెప్పాం. ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లా ఖాన్ గురించి చెప్పాం. ఇమ్రోజ్ అంటే ఈరోజు అని అర్థం. సంస్థానం ఇండియాలో కలవాలని రాసినందుకు 1948 ఆగస్టులో రాత్రిపూట దారికాచి చంపారు. చెయ్యి కూడా నరికారు. మా పిల్లలిద్దరూ ఒక కాగితం మీద చేత్తో ‘ఇమ్రోజ్’ అని ఉర్దూలోనూ తెలుగులోనూ రాసి, కింద తమకు తెలిసిన వార్తలు రాశారు. రాస్తూ రాస్తూ అమ్మాయి అడిగింది: ‘ఆయన్ని చంపినోళ్లు మనవాళ్లేనా?’

మొదట పక్కింటి పిల్లవాడు ‘మీవాళ్లు’ అన్నాడు. ఇప్పుడు మా అమ్మాయి ‘మనవాళ్లు’ అంటున్నది. ఈసారి మాకు జవాబు దొరికింది. చంపినవాళ్లదీ మన మతమే, చచ్చిపోయినాయనదీ మన మతమే. అందులో ఎవరు మనవాళ్లో నువ్వే చెప్పు అన్నాం. ఆలోచించి, కాగితం మీద ఇమ్రోజ్ అన్న పేరు చుట్టూ పెన్సిలుతో గీత గీసింది.

మేం చెప్పదలచుకున్నది ఇదే. ఇంట్లో చేతిపనితో చరిత్ర నేర్పండి. కానీ కట్టడం దగ్గర మొదలుపెట్టకండి, మీ ఇంటి పని దగ్గర మొదలుపెట్టండి. పని దగ్గర మొదలుపెడితే పిల్లవాడు రాజుకు వారసుడూ కాడు, ఈ నేలకు పరాయివాడూ కాడు. పని చేసినవాళ్ల మనవడవుతాడు. అక్కడ మా పిల్లలూ మీ పిల్లలూ ఒకే రోటి దగ్గర కూర్చోగలరు. అట్టా జిగురూ ఆగిపోయే చోట పెద్దవాళ్లం నోరు తెరవాలి. దానికి ఏ ప్రాజెక్టూ బదులు కాదు.

దారాల పటమే బడికి పంపాం. ‘నీట్‌గా లేదు, నమూనా కావాలి’ అని రాసి తిప్పి పంపారు. మర్నాడు అట్ట చార్మినార్ పంపితే మార్కులు బాగానే వచ్చాయి. పటాన్ని ముందుగదిలో గోడకు తగిలించాం. నానీ దారం ఇంకా వేలాడుతూనే ఉంది. మేం ముడి వేయలేదు, తీసేయలేదు.

మొన్న పక్కింటి పిల్లవాడు వచ్చి చాలాసేపు ఆ పటం ముందు నిలబడ్డాడు. ‘అంకుల్, దీంట్ల మా తాత ఊరు ఎక్కడుంటది?’ అన్నాడు. మీ తాతను అడిగి రమ్మని ఒక దారం వాడి చేతికిచ్చి పంపాం.